సుజు అంటే గంట కాదు, మువ్వ

మా ఆన్‌లైన్ జపనీస్ క్లాసులో ఇచ్చిన పదాల పట్టిక చూసినప్పటి నుంచి ఒకటే చిరాకు. సుజు – గంట. కనె – గంట. రిన్ – గంట. బెరు – గంట. నాలుగు మాటలకీ కలిపి ఒకటే గంట! ఎలా జరిగిందో తెలుస్తూనే ఉంది. జపనీస్‌ని ముందు ఇంగ్లీషు ‘బెల్’ చేశారు, ఆ బెల్‌ని పట్టుకొచ్చి తెలుగులో గంట చేశారు.

మా చెల్లి జపాన్ నుంచి తెచ్చిన తాయెత్తుకి ఒక సుజు ఉంది. బఠాణీ గింజంత. గుండ్రంగా, కింద సన్నటి చీలిక, లోపల చిన్న గుండు. కదిపితే ఘల్లుమంటుంది. అమ్మ చేతిలో పెడితే, "ఎవరి పట్టీదే ఈ మువ్వ, ఊడిపోయిందా?" అంది. అయిపోయింది! జపనీస్ ముక్క రాని అమ్మ చెప్పింది కరెక్టు, పట్టిక తప్పు.

పోనీ సైజులో తేడా అనుకుందామా అంటే, జపాన్ వాళ్ళ సొంత మతమైన షింటో గుళ్ళ ముందు తాడు కట్టి వేలాడదీసే గుమ్మడికాయంత దాన్ని కూడా సుజు అనే అంటారు. ఆకారమే ముఖ్యం. గుళ్ళో అమ్మాయిలు పూజా నృత్యంలో ఆడించే సుజుల గుత్తి ఒకటుంటుంది. దాన్ని చూసే కాబోలు, చెట్టు విరగకాస్తే ‘సుజునారి’ అంటారు. ఇప్పుడు దీన్ని ‘గంటలు కాసినట్టు’ అని రాసి చూడండి, ఎంత ఛండాలంగా ఉంటుందో.

కనె సంగతి వేరు. బౌద్ధాలయంలో ఉండే కంచు గంట. నాలుక ఉండదు, బయటినుంచి దుంగతో మోదాలి. క్యోటోలోని చియోన్-ఇన్‌లో 1636లో పోతపోసిన కనె దాదాపు 70 టన్నులు. డిసెంబరు 31 రాత్రి దాన్ని 108 సార్లు మోగించడానికి 17 మంది సన్యాసులు కావాలి. 16 మంది తాళ్ళు లాగుతుంటే, ఒకాయన దుంగకున్న తాడు పట్టుకుని దాదాపు వెల్లకిలా వాలిపోతాడు. ఇదీ, మా చెల్లి తాయెత్తుకున్నదీ ఒకటేనట!

రిన్ దగ్గర మాత్రం పట్టిక రాసినవాళ్ళ మీద కాస్త జాలేసింది. సుజు అక్షరాన్నే రిన్ అని కూడా చదువుతారు. ఇంట్లో బుద్ధుడి పీఠం ముందు పుల్లతో కొట్టే గిన్నె రిన్. ఎండాకాలం చూరుకి కట్టే, కాగితం తోక ఉన్న గాలిగంట ఫూరిన్. కాలింగ్ బెల్ యోబిరిన్. అన్నిటికీ సరిపోయే తెలుగు మాట నాకూ దొరకలేదు.

జపాన్ వాళ్ళూ ఇంగ్లీషు బెల్‌కి బోల్తాపడ్డారు లెండి. డంబెల్‌ని మక్కీకి మక్కీ దించేసి ‘అరెయ్’ అన్నారు, అంటే మూగ మువ్వ. జిమ్‌లో పది కిలోల మువ్వ!

ఇక ‘సుజుకి అంటే గంటచెట్టు’ అనే వాట్సాప్ మెసేజ్. అది ఇంటిపేరు. కారు కంపెనీకి ఆ పేరొచ్చింది స్థాపించిన మిచియో సుజుకి వల్ల. మువ్వ, చెట్టు అక్షరాలు శబ్దం కోసం తెచ్చి పెట్టుకున్నవే. అసలు మాట జపాన్‌లోని కుమానో ప్రాంతం వైపు వరి పనల కుప్పకి వాడేదని చెబుతారు.

ఒక్కచోట మాత్రం మనమే ఓడిపోయాం. పిల్లి మెడలో గంట కట్టేదెవరని అడుగుతాం. జపాన్ ఎలుకలు తెలివైనవి, సుజు కడదామనుకున్నాయి.