దెబ్బ తగిలేది కింద ఉన్నవాళ్లకే

ఏఐ మనిషి కట్టే బాణీల్ని పక్కకి నెట్టేస్తుందా అని సంగీత దర్శకులు చేసిన వాదన చదివాను. పేరున్నవాళ్లకు ఇప్పట్లో ఆ భయం లేదు లెండి. దెబ్బ తగిలేది సీరియళ్లకు బిట్లు కట్టేవాళ్లకి, ఊళ్లో బట్టల షాపు ప్రకటనకి జింగిల్ చేసేవాళ్లకి, అసలు గాయకుల కంటే ముందు నమూనాగా ట్రాక్ పాడేవాళ్లకి. పాటలు కట్టే ఏఐ యాప్‌లు సునోలోనో, యూడియోలోనో నాలుగు ముక్కలు టైపు చేస్తే పాట వచ్చేస్తుంటే, యూట్యూబ్ ఛానల్ వాడు కీబోర్డు ప్లేయర్‌కి డబ్బులెందుకిస్తాడు?

సింథసైజర్లు వచ్చినప్పుడూ ఇలాగే గోల చేశారని ఆ వాదనలో ఒకాయన అన్నారు. ఆ పోలిక కుదరదండీ. సింథసైజర్ వయొలిన్ బృందాల పని తగ్గించింది, నిజమే. కానీ బాణీకి మనిషి కావాల్సిందే. ఏఐ ఆ బాణీయే ఇస్తానంటోంది, అదీ ఎవరెవరి పాటలు విని నేర్చుకుందో చెప్పకుండా! 2024 జూన్‌లో అమెరికాలో పెద్ద రికార్డు కంపెనీలు సునో, యూడియోల మీద కేసులు వేసింది తమ పాటలు అడక్కుండా వాడుకున్నారనే.

కన్నుమూసిన ఇద్దరు గాయకుల గొంతులు ‘లాల్ సలామ్’ సినిమా పాటలో ఏఐతో వాడినప్పుడు, కుటుంబాల అనుమతి తీసుకుని పారితోషికం కూడా ఇచ్చామని రెహమాన్ చెప్పారు. మన దగ్గరేమో ఎస్పీ బాలుగారి గొంతుని ఏఐతో అనుమతి లేకుండా వాడారంటూ ఆయన అబ్బాయి చరణ్ గారు ‘కీడా కోలా’ సినిమా వాళ్లకి లీగల్ నోటీసు పంపారు. ఇంత వాదనలో ఈ అనుమతి సంగతి ఒక్కరూ ఎత్తలేదేంటో!