పార్కు గేటు పక్కన ఆ రెండు కార్ల జాగా ఖాళీగానే ఉండాలి

మా పార్కు గేటు దగ్గర, నడిచేవాళ్లు రోడ్డు దాటే క్రాసింగ్‌కు అటూ ఇటూ నో పార్కింగ్ పెడతారన్న మాట బయటికి వచ్చిందో లేదో గొడవ మొదలైంది. ఇంటి ముందు బండి పెట్టుకోవడం కూడా తప్పేనా, పార్కుకు వచ్చేవాళ్లు ఎక్కడ పెట్టుకోవాలి, ఇన్నాళ్లూ ఏమీ జరగలేదు కదా అని. ఆ చివరి మాట వింటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. ఏమీ జరగలేదంటే ఏంటి, ఎవరి ప్రాణమూ పోలేదనా? సడన్‌గా వేసిన బ్రేకు చప్పుడు, పిల్లాడి రెక్క పట్టుకుని వెనక్కి లాగిన తల్లి కేక, ఆ తర్వాత గుండె దడ తగ్గక గేటు దగ్గరే కూలబడ్డ ముసలాయన, ఇవేవీ ఏ రికార్డులోకీ ఎక్కవు కాబట్టి జరగనట్టేనా?

నా గొడవంతా చూపు గురించి. ఐదేళ్ల పిల్ల మీటరు కంటే కాస్త ఎక్కువ ఎత్తు ఉంటుంది. మామూలు కారు దాదాపు మీటరున్నర, ఎస్‌యూవీ అయితే అంతకు మించి. క్రాసింగ్‌ను ఆనుకుని అలాంటి బండి ఒకటి నిలబడితే పిల్ల మొత్తం దాని వెనక మాయమైపోతుంది. డ్రైవర్ ఎంత జాగ్రత్తపరుడైనా కనపడని పిల్లను ఎలా చూస్తాడు?

స్ట్రోలర్ తోసుకుంటూ వచ్చేవాళ్లను ఒక సాయంత్రం గమనించండి. క్రాసింగ్ అంచున ఆగుతారు. పక్కనున్న కారు వల్ల రోడ్డు మీద ఏమొస్తుందో కనపడదు, మెడ సాచినా కనపడదు. ఇంకో అడుగు వేస్తారు. తోసే మనిషి తల ఆ కారు బంపర్ దాటేసరికే చేతుల ముందున్న స్ట్రోలర్ మీటరు దూరం రోడ్డు మీదికి వచ్చేసి ఉంటుంది. అంటే తల్లి కళ్ల కంటే ముందు పాప కాళ్లు రోడ్డెక్కుతున్నాయి. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ల పరిస్థితీ దాదాపు ఇదే, పైగా వాళ్లు దిగే ర్యాంప్‌కు అడ్డంగా బండి పెట్టేసి "ఐదు నిమిషాలే కదండీ" అంటారు.

స్పీడ్ బ్రేకర్ వేస్తే సరిపోతుంది కదా అంటున్నారు కొందరు. వేయాలి, కాదనను. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. మనిషిని చూసి కాలు బ్రేకు మీదికి పోవడానికి ఒక్క సెకను వేసుకున్నా ఆ 14 మీటర్లు అయిపోయినట్టే, పూర్తిగా ఆగేసరికి పొడి రోడ్డు మీద కూడా 25 మీటర్లు దాటుతుంది. అదే 30తో వస్తే 13, 14 మీటర్లలో ఆగిపోతుంది, అంటే మొదటి కారు ఇంకా బ్రేకు పట్టడం మొదలుపెట్టే చోటికి రెండోది ఆగి ఉంటుంది. తేడా చాలా పెద్దది. కానీ ఐదు మీటర్ల దూరంలో, ఆగి ఉన్న కారు చాటు నుంచి పిల్లాడు ఒక్కసారిగా వస్తే 30తో వచ్చిన బండి కూడా ఆగలేదు. అందుకే వేగమూ తగ్గాలి, చూపుకు అడ్డూ తొలగాలి. ఒకటి చేసి రెండోది వదిలేస్తే కుదరదు.

ఇదేమీ కొత్తగా పుట్టిన ఆలోచన కాదు. బ్రిటన్‌లో రోడ్డు నియమాల పుస్తకం, హైవే కోడ్, జంక్షన్‌కు 10 మీటర్ల లోపు బండి ఆపొద్దంటుంది. కాలిఫోర్నియా 2023లో చట్టం చేసి క్రాసింగ్‌కు ముందు 20 అడుగులు ఖాళీగా ఉంచమంది. అమెరికాలోనే హోబోకెన్ అనే చిన్న నగరంలో మలుపుల దగ్గర పార్కింగ్ తీసేశారు, వేగం తగ్గించారు, క్రాసింగులు బాగుచేశారు. 2017 జనవరి తర్వాత ఏళ్ల తరబడి అక్కడి రోడ్ల మీద ఒక్క ప్రాణం కూడా పోలేదు. 20 అడుగులంటే ఎంత? ఒక కారు పట్టే జాగా. దీనికోసమా ఇంత రాద్ధాంతం!

అయితే నో పార్కింగ్ బోర్డు పాతేసి చేతులు దులుపుకుంటే మాత్రం నేనూ ఒప్పుకోను. కార్లు తీసేసిన చోట రోడ్డు వెడల్పుగా కనిపిస్తుంది, వెడల్పుగా కనిపిస్తే యాక్సిలరేటర్ ఇంకాస్త తొక్కుతారు. పైగా ఖాళీ జాగా కనపడితే ఎవరో ఒకరు డెలివరీ బండి తెచ్చి పెట్టనే పెడతారు. కాబట్టి ఆ జాగాలోకి ఫుట్‌పాత్‌ను ముందుకు జరపాలి, అంత డబ్బు లేదంటే పొట్టి స్తంభాలు పాతాలి, సైకిల్ స్టాండ్ పెట్టినా సరే, సైకిళ్ల మీదుగా పిల్లాడి తల కనిపిస్తుంది.

నడవలేని పెద్దవాళ్ల సంగతేంటని అడిగినవాళ్ల మాటలో న్యాయం ఉంది. వాళ్లకు గేటుకు దగ్గరగానే ఒక చోటు కేటాయించాలి. ఎక్కువ ప్రమాదం క్రాసింగ్‌కు ముందు, అంటే బండ్లు వచ్చే వైపు ఆగిన కారుతోనే. క్రాసింగ్ దాటాక, కొంచెం ఎడంగా వాళ్ల కారుకు చోటిస్తే వాళ్లూ దిగొచ్చు, నడిచేవాళ్లకూ రోడ్డు కనిపిస్తుంది. మిగతా మనలాంటివాళ్లం, పార్కుకు వాకింగ్ కోసమే వస్తున్నవాళ్లం, వీధి చివర బండి పెట్టి ఇంకో యాభై అడుగులు వేయలేమా?

వచ్చే మీటింగ్‌లో నేను అడగబోయేది ఇదే. బోర్డుతో పాటు స్తంభాలు కూడా అదే రోజు పాతాలి, పెద్దవాళ్ల పార్కింగ్ గీతలు కూడా ఆ రోజే గీయాలి. వద్దనేవాళ్లు కూడా రండి, కాకపోతే ముందు ఒక్కసారి ఆ క్రాసింగ్ అంచున, పిల్లల ఎత్తుకు వంగి, రోడ్డు ఎంత కనిపిస్తుందో చూసి రండి.