ముల్లు లేవకపోతే వైరు ముట్టుకోవచ్చా?

ఈ నెలలో నాలుగోసారి వచ్చింది అదే మెసేజ్. "డిజిటల్ మల్టీమీటర్ అబద్ధం చెబుతుంది, అసలైన ఎలక్ట్రీషియన్ ముల్లు మీటరే వాడతాడు" అని మొదలవుతుంది. (మల్టీమీటర్ అంటే వోల్టేజీ, కరెంటు, రెసిస్టెన్స్ కొలిచే మీటర్. డిజిటల్ అంకెల్లో చూపిస్తుంది, ముల్లు మీటర్ స్కేలు మీద కదిలే ముల్లుతో చూపిస్తుంది.) ఆరు కారణాలు చెప్పి, మీవాళ్లందరికీ పంపమంటుంది. పంపినవాళ్లంతా నాకు కావలసినవాళ్లే. అందులో ఇద్దరు రోజూ ప్యానెల్ బోర్డుల్లో చేతులు పెట్టి పనిచేసేవాళ్లు. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు చిన్నవి తేల్చేస్తాను. ముల్లు మీటర్‌కి బ్యాటరీ అక్కర్లేదట. వోల్టేజీ, కరెంటు కొలవడానికి అక్కర్లేదు, నిజమే. బ్యాటరీ తీసేసి ఓమ్స్‌లో, అంటే రెసిస్టెన్స్ కొలిచే రేంజ్‌లో పెట్టి చూడండి, ముల్లు కదలదు. కింద పడినా దానికేమీ కాదట. సన్నటి ఇరుసు మీద తిరిగే కాయిల్, వెంట్రుకలాంటి స్ప్రింగులు ఉన్న వస్తువు అది. కింద పడితే ముందు దెబ్బతినేవి అవే.

కంటికి కనబడుతుంది కాబట్టి ముల్లు రీడింగే కచ్చితమట. మామూలు ముల్లు మీటర్లో డీసీకి ఇచ్చే లెక్క, పూర్తి స్కేలు మీద 3 శాతం అటూ ఇటూ. అంటే 50 వోల్టుల రేంజ్‌లో ముల్లు ఎక్కడ ఆగినా 1.5 వోల్టు తేడా ఉండొచ్చు. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు సుమారు 12.6 చూపిస్తుంది, దాదాపు ఖాళీ అయితే 12కి కాస్త కిందికి వస్తుంది. ఒక వోల్టు కూడా లేని ఈ తేడాని ఆ రేంజ్‌లో ఎలా పట్టుకుంటారు?

ఎలక్ట్రానిక్ సర్క్యూట్లలో సంగతి ఇంకా ఘోరం. రెండు 1 మెగా ఓమ్ రెసిస్టర్లు సిరీస్‌లో పెట్టి 10 వోల్టులు ఇవ్వండి. మధ్యలో 5 వోల్టులు ఉండాలి. వోల్టుకి 20,000 ఓమ్‌ల ముల్లు మీటర్‌ని 10 వోల్టుల రేంజ్‌లో పెడితే, దాని సొంత రెసిస్టెన్స్ 2 లక్షల ఓమ్‌లే కాబట్టి ఆ వోల్టేజీని అదే కిందికి లాగేసి సుమారు 1.4 చూపిస్తుంది. 10 మెగా ఓమ్‌ల డిజిటల్ 4.8 దగ్గర చూపిస్తుంది. ఇప్పుడు చెప్పండి, అబద్ధం చెప్పింది ఏ మీటర్?

అసలు నాకు కోపం తెప్పించింది వీటిలో ఏదీ కాదు, మూడో పాయింటు. ఉన్నదున్నట్టు ఇస్తున్నాను: "వాడని వైరులో కూడా డిజిటల్ 80 వోల్టులు చూపిస్తుంది. అది దొంగ వోల్టేజీ, పట్టించుకోకండి. ముల్లు మీటర్ పెట్టండి. ముల్లు లేవకపోతే ధైర్యంగా ముట్టుకోండి."

మొదటి సగం నిజమే, ఒప్పుకుంటాను. ఎక్కడా కలపని వైరు, లైవ్ వైరు పక్కనే ఒకే పైపులో పోతుంటే, వాటి మధ్య ఉండే కెపాసిటెన్స్ (ఒకదాన్నొకటి తాకకపోయినా కాస్త ఏసీ దాటించే గుణం) వల్ల దానిమీద కొంత వోల్టేజీ కనిపిస్తుంది. డిజిటల్ మీటర్ తీసుకునే కరెంటు చాలా తక్కువ కాబట్టి ఆ వోల్టేజీ పడిపోదు. ఇలాంటి రీడింగ్ నమ్మి, లేని ఫాల్ట్ కోసం నేను ఒక మధ్యాహ్నమంతా వెతికాను. కానీ దానికి మందు ముల్లు మీటర్ కాదు. దాని ఏసీ 250 వోల్టుల రేంజ్‌లో కూడా ఒకటి రెండు మెగా ఓమ్స్ ఉండొచ్చు, అంటే ఆ వోల్టేజీని అదీ పూర్తిగా పడగొట్టకపోవచ్చు. దీనికోసమే కొన్ని డిజిటల్ మీటర్లలో లో-జడ్ అనే మోడ్ ఉంటుంది, అందులో ఇన్‌పుట్ కొన్ని వేల ఓమ్స్‌కి దిగుతుంది. దొంగ వోల్టేజీ అయితే దాదాపు సున్నాకి పడిపోతుంది, అసలుదైతే నిలబడుతుంది.

ఇక "ధైర్యంగా ముట్టుకోండి". ముల్లు ఎన్ని కారణాలకి లేవదో రాసినవారు ఒక్క నిమిషమైనా ఆలోచించారా? నాబ్ డీసీలో ఉండిపోతే 230 వోల్టుల ఏసీ మీద కూడా ముల్లు సున్నా దగ్గరే ఉంటుంది, మహా అయితే కాస్త వణుకుతుంది. ప్రోబ్ వైరు ఇన్సులేషన్ లోపలే తెగి ఉంటే లేవదు. కాయిల్ కాలిపోయి ఉంటే లేవదు. మీటర్ అంతా బాగుండి న్యూట్రల్ వెనకాల తెగి ఉంటే? బల్బో ఫ్యానో ఏదైనా లోడ్ ఆన్‌లో ఉంటే ఆ లోడ్ గుండా ఫేజ్ అవతలి న్యూట్రల్ వైరుకి కూడా వచ్చేస్తుంది. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య సున్నా, ఎర్త్‌తో చూస్తే రెండూ 230. న్యూట్రలే కదా అని పట్టుకుంటే షాక్ కొడుతుంది. ఇక్కడ డిజిటల్ కూడా ఆ రెండింటి మధ్య సున్నానే చూపిస్తుంది, అది తప్పు చూపినట్టు కాదు. అందుకే ఫేజ్-న్యూట్రల్, ఫేజ్-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్ మూడూ చూడాలి. అంతకు ముందు, కరెంటు ఉందని ఖాయంగా తెలిసిన చోట మీటర్ పెట్టి పనిచేస్తోందో లేదో చూడాలి. పని చేయాల్సిన వైరు చూశాక, మళ్లీ ఆ తెలిసిన చోటే పెట్టి చూడాలి. మధ్యలో మీటర్ చచ్చిపోయి ఉంటే ఆ చివరి చూపులోనే బయటపడుతుంది. మీటర్ ఏదైనా సరే, ఇది మానకూడదు.

"క్యాట్ 2, క్యాట్ 3 ముద్రలు ఉత్త అలంకారం" అన్న మాట కూడా ప్రాణం మీదికి తెచ్చేదే. మీటర్‌ని ఎలాంటి చోట భద్రంగా వాడొచ్చో చెప్పే ముద్రలవి. క్యాట్ 2, 600 వోల్టుల మీటర్‌ని 4,000 వోల్టుల సర్జ్‌తో (క్షణకాలం ఎగిసే వోల్టేజీతో), 12 ఓమ్‌ల సోర్స్ నుంచి పరీక్షిస్తారు. క్యాట్ 3 అయితే 6,000 వోల్టులు, 2 ఓమ్‌లు. భాగించి చూడండి, మొదటిది 333 ఆంపియర్లు, రెండోది 3,000. మెయిన్ ప్యానెల్ దగ్గర చేతిలో ఉన్న మీటర్ పేలితే ఏమవుతుందో వేరే చెప్పాలా? ముద్ర ఉన్న ప్రతిదీ నమ్మమని కాదు. ముద్ర వేసి లోపల చిన్న గాజు ఫ్యూజ్ పెట్టిన చవక డిజిటల్ మీటర్లూ ఉన్నాయి. వాటినీ ప్యానెల్ దగ్గరికి తీసుకెళ్లకండి.

కెపాసిటర్ చెక్ చేయడానికి ముల్లే బాగుంటుందన్న చివరి పాయింటుతో నాకు గొడవ లేదు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌ని డిశ్చార్జ్ చేసి, ఓమ్స్‌లో పెట్టగానే ముల్లు ఎగిరి మెల్లగా వెనక్కి వచ్చే తీరు చూస్తే, లీక్ అవుతోందా, ఎండిపోయిందా అన్నది చాలావరకు తెలిసిపోతుంది. వాల్యూమ్ కంట్రోల్ తిప్పుతుంటే ఎక్కడ గీరుకుపోయిందో ముల్లు అక్కడ తడబడుతుంది, అంకెల్లో అది దొరకదు. ఈ పనులకి నేనూ ముల్లు మీటర్ దగ్గర పెట్టుకున్నాను. ఓమ్స్‌లో చాలా ముల్లు మీటర్లకి నల్ల ప్రోబే ప్లస్ అవుతుందని మాత్రం గుర్తుంచుకోండి, డయోడ్ తిరగబడి కనిపిస్తుంది.

ఆ మెసేజ్ మళ్లీ పంపాలనిపిస్తే, ముట్టుకోమన్న వాక్యం, క్యాట్ ముద్రల వాక్యం తీసేసి పంపండి. మిగతావాటి మీద తీరిగ్గా వాదించుకుందాం.