సవరణ: మత్ర్యోష్కా అంత పాతది కాదు

రష్యా గురించి పోయిన వారం రాసిన పోస్టులో మత్ర్యోష్కాని ‘వందల ఏళ్ల నాటి పల్లె బొమ్మ’ అన్నాను. అది తప్పు. బొమ్మలో బొమ్మ ఇమిడిపోయే ఈ చెక్క బొమ్మ పుట్టింది 1890లలో, మాస్కోలోని ఒక వర్క్‌షాపులో. వసీలీ జ్వ్యోజ్దోచ్కిన్ దాన్ని లేత్ మీద చెక్కితే, సెర్గేయ్ మల్యూతిన్ అనే చిత్రకారుడు రంగులు వేశాడు. ఆ మొదటి సెట్టులో మొత్తం 8 బొమ్మలు. పై పిల్ల తలకి రుమాలు కట్టుకుని, చేతిలో నల్ల కోడిపుంజుని పట్టుకుని ఉంటుంది. అన్నిటికన్నా లోపల పొత్తిళ్లలో పసిబిడ్డ.

తేదీ ఒక్కటే తప్పయితే ఇంత రాసేదాన్ని కాదు. పీటర్ చక్రవర్తి కాలం నుంచి రష్యా పెద్దింటివాళ్ల చూపంతా యూరప్ వైపే. మరి మనదంటూ ఏముంది అని వెతుకుతూ, సవ్వా మామొంతవ్ అనే వ్యాపారి అబ్రాంత్సెవొ ఎస్టేట్‌లో చేరిన కళాకారులు పల్లెల చెక్కపనినీ కుట్టుపనినీ సేకరించారు. మత్ర్యోష్కా ఆ వెతుకులాటలోంచే వచ్చింది. అంటే వాళ్లకి తాతల నుంచి అందిన బొమ్మ కాదు, తాతల గుర్తుగా చేసుకున్న బొమ్మ. నేను సరిగ్గా ఈ సంగతినే తలకిందులు చేశాను, అందుకే బాధగా ఉంది.

1900 పారిస్ ప్రదర్శనలో పతకం వచ్చాక దానికి బయటి దేశాల్లోనూ గిరాకీ పెరిగింది.

మాస్కో దగ్గరి సెర్గియెవ్ పొసాద్ అనే ఊరి గురించి ఆ పోస్టులో రాసిన పేరా మాత్రం మార్చలేదు. అక్కడ చెక్కబొమ్మల పని నిజంగానే పాతది.