శ్రీలంక వరి రైతుకు నీళ్ల తేదీ చెప్పండి

నెల దాటిన వరిమడిలో కాలు పెట్టిన వాళ్లందరికీ ఇది తెలుసు. పాదం బురదలోకి దిగగానే చుట్టూ బుడగలు పైకి లేస్తాయి. ఆ బుడగల్లో మీథేన్ ఉంటుంది. నిలవనీటి కింద మట్టికి గాలి తగలదు కాబట్టి, గాలితో పనిలేని సూక్ష్మజీవులు అక్కడ కుళ్లే గడ్డినీ వేళ్లనీ తిని ఈ వాయువును విడుస్తాయి. ఎక్కువ భాగం బుడగలుగా కూడా రాదు, వరి దుబ్బు కాడల్లోని సన్నని గాలి గొట్టాల గుండా చడీచప్పుడు లేకుండా పైకి పోతుంది. ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే మీథేన్ 80 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. అందుకే వాతావరణం మీద మాట వచ్చినప్పుడల్లా వరి పేరు వస్తోంది, వరి మీద బతికే చిన్న దేశాల పేర్లూ వస్తున్నాయి.

మన పక్కనే ఉన్న శ్రీలంక సంగతి చూద్దాం. జనాభా దాదాపు 2.2 కోట్లు, మనిషికి ఏడాదికి వంద కిలోల పైనే బియ్యం. ఈశాన్య రుతుపవనాలతో వచ్చే మహా సీజన్, ఏప్రిల్ తర్వాత మొదలయ్యే యాల సీజన్, ఈ రెండింటి చుట్టూనే పల్లె బతుకంతా తిరుగుతుంది. 2021లో ఆ దేశం ప్రపంచానికి ఒక మాట ఇచ్చింది: గాలిని వేడెక్కించే వాయువుల ఉద్గారాలు ఇప్పటి తీరే సాగితే ఎంత ఉంటాయో దానికంటే 2030 నాటికి 14.5 శాతం తగ్గిస్తామని, అందులో 4 శాతం సొంతంగా, మిగతా 10.5 శాతం బయటి సాయం అందితే చేస్తామని. తలసరి కార్బన్ డయాక్సైడ్ ఏడాదికి సుమారు ఒక టన్ను మాత్రమే వదిలే దేశమిది, ప్రపంచ సగటు నాలుగు టన్నుల పైమాటే. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకోకుండా లంక వరిపొలం గురించి ఎవరూ మాట్లాడకూడదని మా అభిప్రాయం.

అలాగని వదిలేయమనడం లేదు. మీథేన్ గాలిలో సగటున పన్నెండేళ్లు మాత్రమే ఉండే వాయువు, ఈరోజు తగ్గిస్తే ఫలితం మన పిల్లలు కాదు, మనమే చూస్తాం. తగ్గించే దారి కూడా తెలిసిందే. పొలంలో ఎప్పుడూ నీళ్లు నిలబెట్టకుండా, ఒకసారి తడిపి, ఆరనిచ్చి, మళ్లీ పెట్టాలి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దీనికి చాలా చవకైన పనిముట్టు ఒకటి ప్రచారంలోకి తెచ్చింది. జానెడు పైన పొడవుండే ప్లాస్టిక్ గొట్టానికి చుట్టూ చిల్లులు పెట్టి, సగానికి పైగా మట్టిలో దించి, లోపలి మట్టి తీసేస్తారు. గొట్టంలో నీటి మట్టం నేల కింద 15 సెంటీమీటర్లకు దిగాకే మళ్లీ తడి ఇవ్వాలి, పూత సమయంలో మాత్రం ఆరనివ్వకూడదు. సరిగ్గా చేస్తే మీథేన్ మూడోవంతు నుంచి సగం దాకా తగ్గుతుంది, దిగుబడి తగ్గదు, నీళ్లూ మిగులుతాయి. కాకపోతే ఆరిన మడిలో యూరియా ఇష్టమొచ్చినట్టు చల్లితే నైట్రస్ ఆక్సైడ్ అనే, వేడిని పట్టి ఉంచే ఇంకో వాయువు పెరుగుతుంది, కాబట్టి నీళ్లతో పాటు ఎరువు వేసే వేళ కూడా మారాలి.

ఇంత సులువైతే రైతు ఎందుకు చేయడు? ఈ ప్రశ్న దగ్గర ఆగి ఆలోచించే ఓపిక చాలామందికి ఉండటం లేదు.

చివరి ఆయకట్టు రైతును అడగండి, అనురాధపురంలోనైనా ఆర్మూరులోనైనా అదే జవాబు వస్తుంది. కాలువలో నీళ్లు వచ్చినప్పుడే మడి నింపుకోవాలి, మళ్లీ ఎప్పుడొస్తాయో నమ్మకం లేదు. పొలం ఆరబెట్టి కూర్చుంటే, రావాల్సిన రోజుకు నీళ్లు రాకపోతే, పొట్ట మీదున్న పైరు ఎండిపోతే ఆ నష్టం ఎవరు భరిస్తారు? పైగా నిలిచిన నీరే అతనికి కలుపు మందు. లంకలో ఎక్కువమంది నాట్లు వేయరు, మొలకెత్తిన విత్తనం వెదజల్లుతారు, అలాంటి మడిలో నీరు తీస్తే కలుపు ఒక్కసారిగా లేస్తుంది, తీయడానికి కూలీలు దొరకరు. ఇంకొకటి, బోరు వేసుకున్న రైతుకు నీళ్లు తగ్గితే కరెంటో డీజిలో మిగులుతుంది, చెరువు కింద కాలువ నీళ్లతో పండించే వాడికి పొదుపు చేసినందుకు జేబులోకి ఒక్క రూపాయి రాదు. టెన్షన్ అతనిది, లాభం లోకానిది. ఇలా ఉంటే ఎవరు మాత్రం ముందుకొస్తారు?

ఆ రైతుకు ఉత్తర్వులంటే భయం పట్టుకోవడానికి కారణం కూడా ఉంది. 2021 మే నెలలో అప్పటి అధ్యక్షుడు గోటబయ రాజపక్స రసాయన ఎరువుల దిగుమతిని రాత్రికి రాత్రే నిషేధించారు, దేశమంతా సేంద్రియమే అన్నారు. పొలాల్లో పైరు పసుపెక్కింది, రైతులు రోడ్ల మీదికొచ్చారు, నవంబరుకల్లా నిషేధం ఎత్తేశారు, కానీ అప్పటికే మహా సీజన్ విత్తనాలు పడిపోయాయి. తిండికి సరిపడా పండించుకునే దేశం బియ్యం దిగుమతి చేసుకుంది, ఇండియా నుంచి కూడా. అప్పటికే దేశాన్ని కమ్ముకుంటున్న ఆర్థిక సంక్షోభానికి ఇది తోడై, 2022 జూలైలో ఆ అధ్యక్షుడు దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. ఈ కథలో ఇంకో విషయం చాలామంది పట్టించుకోలేదు. పచ్చి గడ్డి, మాగని పెంట నీళ్లు నిలిచిన మడిలో కలిపితే మీథేన్ తగ్గదు, పెరుగుతుంది, ఎందుకంటే ఆ సూక్ష్మజీవులకు తిండి అదే. బాగా మాగిన కంపోస్టు వేసినా, గడ్డిని పొలం ఆరి ఉన్నప్పుడే ముందుగా కలియదున్నినా ఆ బెడద చాలా తగ్గుతుంది. సేంద్రియం చెడ్డదని మేము అనడం లేదు. నేలనూ నీటినీ చూడకుండా రాజధానిలో కూర్చుని ఇచ్చిన ఆజ్ఞ, ఎంత మంచి పేరు పెట్టుకున్నా పంటను ముంచుతుందని అంటున్నాం.

దారి లంకలోనే ఉంది. అక్కడ ప్రతి సీజన్ ముందు రైతులూ అధికారులూ చెరువు దగ్గర కూర్చుని నీళ్లు ఏ తేదీన వదలాలి, ఎప్పుడు ఆపాలి, ఎంత విస్తీర్ణం సాగు చేయాలి అని తేల్చుకుంటారు, దాన్ని కన్న సమావేశం అంటారు. చెరువులో నీళ్లు తక్కువున్న ఏడాది బెత్మ అనే ఆచారం ఉంది: తూముకు దగ్గరి భూమిని మాత్రమే సాగు చేసి, దాన్నే అందరూ, దూరంగా పొలం ఉన్నవాళ్లు కూడా, వాటాలుగా పంచుకుంటారు. తన పొలాన్ని ఒక సీజన్ పక్కవాడికి దున్నుకోనిచ్చే మనుషులు వీళ్లు, ఇంత పెద్ద మనసు ఉన్న చోట నీళ్ల వంతులు కుదరవని ఎవరంటారు? ఎండు జోన్‌లో ఒక చెరువు అలుగు నీరు కింది చెరువులోకి, అక్కడి నుంచి ఇంకో చెరువులోకి దిగే గొలుసుకట్టు, కాకతీయుల చెరువులు చూసిన మనకు కొత్తేమీ కాదు. కావలసింది ఒకటే, కన్న సమావేశంలో రాసుకునే నీళ్ల తేదీలు తడి ఆరే లెక్కకు సరిపోయేలా ఉండాలి, ఆ తేదీకి నీళ్లు కచ్చితంగా రావాలి. తూములు, పిల్లకాలువలు బాగుచేయకుండా రైతు చేతికి గొట్టం ఇచ్చి ఫొటో దిగడం దండగ.

ఇది అన్ని చోట్లా సాధ్యం కాదన్నదీ ఒప్పుకోవాలి. మహా సీజన్ వానల్లో మడిని ఆరబెట్టడం కష్టం, నైరుతి వైపు కలుతర, గాల్ ప్రాంతాల్లో లోతట్టు భూముల్లో నీరు బయటికే పోదు. అలాంటి చోట తక్కువ కాలపు రకాలే మేలు. బతలగొడ వరి పరిశోధన కేంద్రం రకాలకు పేరులోనే కాలం ఉంటుంది, బీజీ 300 అంటే మూడు నెలల పంట, బీజీ 352 అంటే మూడున్నర నెలలు. మన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, దాదాపు అయిదు నెలలు పొలంలో ఉంటుంది. పైరు నీళ్లలో ఎన్ని రోజులు తక్కువుంటే అంత మీథేన్ తక్కువ.

మన పేరు ఎందుకు తెచ్చామంటే, శ్రీలంక రెండు సీజన్లూ కలిపి వేసే వరి సుమారు 30 లక్షల ఎకరాలు. తెలంగాణలో ఒక్క వానాకాలంలోనే ఈమధ్య 60 లక్షల ఎకరాలు దాటింది. శ్రీ సాగు అంటూ ఇరవై ఏళ్ల క్రితమే తడి ఆరు పద్ధతి మన ఊళ్లకు వచ్చింది, కూలీల కొరతా, నీళ్ల మీద నమ్మకం లేకపోవడమూ దాన్ని చాలా చోట్ల వెనక్కి నెట్టాయి. లంక రైతుకు సుద్దులు చెప్పే స్థానంలో మనం లేము.

డబ్బు సంగతి తేలాలి. ఆ 10.5 శాతం బయటి సాయం మీదే ఆధారపడిందని లంక దాచలేదు. 2022 ఏప్రిల్‌లో అప్పు కట్టలేమని చేతులెత్తేసిన దేశం కాలువలకు సొంతంగా ఎంత పెట్టగలదు? గాలిని ఎక్కువ పాడుచేసిన దేశాలు ఇవ్వాలి, అప్పుగా కాదు, గ్రాంటుగా ఇవ్వాలి. కార్బన్ క్రెడిట్లు, అంటే తగ్గించిన ఉద్గారాల లెక్కకు వచ్చే పత్రాలు, అమ్మితే ఆ సొమ్ములో రైతు వాటా ఎంతో సంతకం పెట్టే ముందే సింహళంలోనూ తమిళంలోనూ రాసి చూపించాలి. పొలం ఆరబెట్టిన ఏడాది పంట దెబ్బతింటే పరిహారం ఎవరిస్తారో కూడా ఆ కాగితంలోనే ఉండాలి. యాల సీజన్‌లో, నీళ్లు తక్కువగా ఉండే కొన్ని చెరువుల కింద, ఒప్పుకున్న రైతులతో మాత్రమే మొదలుపెట్టండి. వాళ్ల పక్క పొలం వాళ్లు గట్టు మీద నిలబడి చూస్తారు, గింజ బరువు చూస్తారు, కలుపు ఎంత లేచిందో చూస్తారు, వచ్చే కన్న సమావేశంలో వాళ్లే లేచి మాట్లాడతారు.