చెక్ ఇంజిన్ లైటు గారికి

నెల్లూరు నుంచి నమస్కారాలు. గారు అన్నది గౌరవంతో కాదు, భయంతో.

మీ రాకపోకలు మాకు అంతుబట్టవు. ఇంటిల్లిపాదీ ఒంగోలు పెళ్లికి బయల్దేరితే కావలి దాటాక డాష్‌బోర్డు మీద పసుప్పచ్చగా వెలుగుతారు. కారులో మాటలు ఆగిపోతాయి. ఏసీ కట్టేస్తాం, ఎందుకో మాకే తెలియదు. సింగరాయకొండ వచ్చేసరికి మాయం! షెడ్డు గేటు దగ్గరైతే మరీ బుద్ధిమంతులు. లైన్‌మన్‌కి ఫోన్ కలపగానే వచ్చే కరెంటుకీ మీకూ ఏదో చుట్టరికం ఉండాలి.

"ఏందన్నా, లైటు ఏడుండాది?" అని మెకానిక్ అడిగితే దొంగలా నిలబడ్డాను.

మళ్లీ వెలిగారు. "బ్యాటరీ నెగెటివ్ వైరు పది నిమిషాలు పీకు బావా, దెబ్బకి పోతుంది" అన్నాడు బావమరిది. పీకాను, పోయారు. ఆ రాత్రి గెలిచిన సంబరంలో చేపల పులుసు రెండోసారి వేయించుకున్నాను.

సంగతి తెలిసి మెకానిక్ తల పట్టుకున్నాడు. లైటు దానంతటదే ఆరినా, తప్పేంటో చెప్పే కోడు కారు కంప్యూటర్లోనే ఉంటుందట. తప్పు జరిగినప్పుడు స్పీడెంత, ఇంజిన్ వేడెంత అన్నదీ రాసి ఉంటుందట. చాలా తప్పులకు వరసగా రెండు ప్రయాణాల్లో దొరికితేనే మీరు వెలుగుతారు, మూడు ప్రయాణాలు సాఫీగా సాగితే ఆరిపోతారు. కోడు మాత్రం ఇంజిన్ ఓ 40 సార్లు చల్లారి వేడెక్కేదాకా చెరగదు. అంటే మీరు సాక్ష్యం రాసిపెట్టి వెళ్తే నేను వైరు పీకి దాన్ని తుడిచేసి, పైగా మిమ్మల్నే అబద్ధాలకోరు అన్నాను.

ఆ తర్వాత టంగుటూరు టోల్ దగ్గర వెలగడం కాదు, మినుకుమినుకుమన్నారు. కారు దగ్గొచ్చిన ముసలాయనలా ఊగింది. అలా మినుకుమంటే పెట్రోలు సరిగ్గా మండకుండా సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోతోందని, ఇంకా తోలితే అది కాలిపోతుందని అప్పటికి నేర్చుకున్నాను. పక్కన ఆపాను. బండి లాగించిన ఖర్చు మీ పద్దులో రాశాను. (మీ ఇంట్లో ఆ ఎర్ర నూనెడబ్బా, అదే ఆయిల్ ప్రెషర్ లైటు, ఒకాయన ఉన్నాడు. ఆయన వెలిగితే ఉత్తరాలు రాసే తీరిక ఉండదు, అక్కడికక్కడే ఇంజిన్ ఆపాలి.)

ఈసారి స్కానర్ పెడితే పి0302 అని వచ్చింది, రెండో సిలిండర్ మిస్‌ఫైర్, అంటే అందులో పెట్రోలు సరిగ్గా మండటం లేదని. ఇంజిన్ మీది ప్లాస్టిక్ కవరు ఎత్తాడు. కింద వరిగడ్డి, సగం కొరికిన వేరుశనక్కాయ, నల్లటి రెట్టలు. ఆ సిలిండర్‌లో నిప్పురవ్వకు కరెంటిచ్చే కాయిల్‌కి పోయే వైరు తోలు ఊడి, లోపల రాగి తళతళమంటోంది. గుంటలో పడి కదిలినప్పుడల్లా కనెక్షన్ పోయి వస్తోంది. దాంతోపాటే మీరూ.

"ఎలుకన్నా! కొత్త బియ్యం మూటలు కారు పక్కనే పెట్టినారా?"

పెట్టాం. మీ తప్పేం లేదని ఒప్పుకుంటున్నాను. వైరు మార్చాం, మూటలు మేడ మీదికి చేర్చాం. కారు కింద ఎండుచేప ముక్క గుచ్చి బోను పెట్టాను. వారం నుంచి మీరు కనబడటం లేదు.

పొద్దున చూస్తే బోను మూసుకుని ఉంది. లోపల ఎలుకా లేదు, ఎండుచేపా లేదు.

ఇట్లు,
మీ కారు ఓనరు