మద్దెల నిజంగానే ఓడు

ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని సామెత. తరతరాలుగా ఈ ఒక్క ముక్కతో ఎంతమంది నోళ్లు మూయించారో లెక్కలేదు. అలా నోరు మూసుకున్నవాళ్లలో ఒక్కరి మద్దెలనైనా చేతిలోకి తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూసిన పాపాన ఎవరూ పోలేదు. నిజంగానే ఓడేమో! ఈ అన్యాయాన్ని సరిదిద్దే బరువును ఇన్నాళ్లకు గిటార్ కంపెనీలు తలకెత్తుకున్నాయి. 'ఈ ఏటి మేటి గిటార్లు, బేస్‌లు, పెడల్స్' అంటూ ఏటేటా వచ్చే జాబితాలను శ్రద్ధగా చదివేవాడిగా చెప్తున్నాను. తప్పు వేళ్లది కాదు, వస్తువుది. ముఖ్యంగా నిరుడు కొన్న వస్తువుది.

నేను పదకొండేళ్లుగా గిటార్ వాయిస్తున్నాను. అంటే, కొని పదకొండేళ్లయింది. జీ, సీ, డీ కార్డులు, అంటే కొన్ని తీగలు ఒకేసారి నొక్కి మీటే స్వరాల గుత్తులు, పడతాయి. ఎఫ్ దగ్గరే పేచీ. చూపుడువేలు ఆరు తీగల మీదా అడ్డంగా పడుకోవాలి. పడుకుంటుంది, కానీ మధ్యలో రెండు తీగలు మోగకుండా ఎవరో తలుపు తట్టినట్టు టక్కుటక్కుమంటాయి. సాధన చెయ్యమని సలహా ఇచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. సాధనకు ఖర్చు లేదు, ఈఎంఐ లేదు, దసరా డిస్కౌంటు లేదు. అలాంటిది పనిచేస్తుందంటే ఎలా నమ్మడం? ఇన్నేళ్లలో ఏ మేటి జాబితాలోనూ దాని పేరు నాకు కనిపించలేదు.

అందుకే మార్కెట్‌ను నమ్ముకున్నాను. మామూలుగా ఏటా జనవరిలో, మనం అరిసెలు అరిగించుకునే రోజుల్లో, కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో 'నామ్' అనే వాయిద్యాల జాతర జరుగుతుంది. ఆ ఏడాది అమ్మబోయే కొత్త సరుకు చాలావరకు అక్కడే దిగుతుంది. 'కొత్త' అన్న మాటను మాత్రం కాస్త పెద్దమనసుతో అర్థం చేసుకోవాలి. టెలికాస్టర్ అనే గిటార్ 1951 నాటిది. లెస్ పాల్ 1952, స్ట్రాటోకాస్టర్ 1954. ఈ ముగ్గురూ ఏటా ఓ కొత్త రంగు పూసుకుని పెళ్లిచూపులకు కూర్చుంటారు. ఆ రంగుల్లో కూడా కొన్ని అప్పటి అమెరికా కార్ల మీద ఉన్నవే. మా పెద్దమ్మ తన పెళ్లినాటి పట్టుచీర మీదికి ఏటా కొత్త జాకెట్ కుట్టించుకునేది. నేను తప్పు పట్టడం లేదు. జాకెట్ కొత్తదే కదా.

అసలు టెలికాస్టర్ పుట్టుకే నా వాదానికి పెద్ద సాక్ష్యం. దాన్ని చేసిన లియో ఫెండర్ ఫుల్లర్టన్ అనే ఊళ్లో రేడియోలు బాగుచేసుకునే మనిషి. ఆయనకు గిటార్ వాయించడం రాదు. అంటే ఆడలేనివాడే మద్దెల చేశాడు, లోకమంతా దాన్ని మోగించింది. సామెత కట్టిన పెద్దలు ఈ కోణం ఊహించి ఉండరు. ఆ గిటార్‌కు మొదట బ్రాడ్‌కాస్టర్ అని పేరు పెట్టారు. 1951లో గ్రెచ్ కంపెనీ అడ్డుపడింది, ఆ పేరు మా డ్రమ్ములకు ఎప్పటినుంచో ఉందని. చూశారా, ఇక్కడ కూడా గొడవ మద్దెలతోనే వచ్చింది. కొత్త పేరు ఖాయమయ్యేదాకా ఫ్యాక్టరీలో లేబుల్ మీద మోడల్ పేరును కత్తిరించేసి, ఉత్త 'ఫెండర్' అని అంటించి పంపేశారు. అలా కొన్ని నెలల పాటు పేరు లేకుండా వెళ్లినవాటిని ఇప్పుడు 'నోకాస్టర్' అంటారు. సేకరించేవాళ్లకు ఒకటి దొరికితే కళ్లకద్దుకుంటారు. పేరు తెగినందుకు విలువ పెరిగింది!

మరి నిజంగా కొత్తది ఎవరూ చెయ్యలేదా అంటే, చేశారు. లెస్ పాల్ చేసే గిబ్సన్ కంపెనీ వాళ్లు 2007లో తనంతట తానే శ్రుతి చేసుకునే రోబో గిటార్ తెచ్చారు. అక్కడితో ఊరుకోకుండా 2015లో అలాంటి ఆటోమేటిక్ బిరడాలను దాదాపు అన్ని మోడళ్లకూ బిగించారు, ధరా పెంచారు. గిటారిస్టులు మండిపడ్డారు. నాకు అర్థమైనంతలో వాళ్ల బాధ ఏమిటంటే, కచేరీలో సగం సేపు చేసేది శ్రుతే, అదీ మిషన్ చేసేస్తే మేమెందుకు అని. 2018లో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. దానికి వేరే అప్పులు చాలా ఉన్నాయిలెండి. మరుసటి ఏడాది ఒక వీడియో బయటికొచ్చింది. కంప్యూటర్ హంగులన్నీ పెట్టి చేసిన ఫైర్‌బర్డ్ ఎక్స్ గిటార్లను వందల లెక్కన నేల మీద పరిచి, వాటి మీదుగా ప్రొక్లెయిన్ నడిపించారు. లోపల ప్రమాదకరమైన భాగాలున్నాయని, బాగుచెయ్యడానికి వీల్లేదని కంపెనీ వివరణ ఇచ్చింది. మా కాలనీలో అక్రమ కట్టడాలు కూల్చడానికి వచ్చేదీ ఆ బండే. కొత్తది చేస్తే దాని కిందికి పోతుంది, పాతది చేస్తే జాబితాలోకి పోతుంది. అప్పటినుంచి ఎవరూ పెద్దగా సాహసాలు చెయ్యడం లేదు.

పాతది అంటే ఉత్త పాత మోడల్ అయితే చాలదు. పాడై ఉండాలి. 1990ల మధ్యలో ఫెండర్ కస్టమ్ షాప్ 'రెలిక్' పేరుతో ఈ పుణ్యకార్యం మొదలుపెట్టింది. కొత్త గిటార్ చేస్తారు. దానికి పద్ధతిగా రంగు వేస్తారు. ఆరాక ఆ రంగును గీకుతారు. మరలకు తుప్పు పట్టిస్తారు. అప్పుడు అమ్ముతారు, ఎక్కువ ధరకి. వీటిలో 'క్లాజెట్ క్లాసిక్' అని ఒక తరగతి ఉంది. ఎవరో కొనుక్కుని, రెండు రోజులు వాయించి, అల్మరాలో పెట్టి మరిచిపోయినట్టు ఉంటుందన్నమాట. మా ఇంట్లో బీరువా మీద పదకొండేళ్లుగా ఆ పని ఉచితంగా జరుగుతోంది. 2021లో గిబ్సన్ కూడా మర్ఫీ ల్యాబ్ తెరిచింది. అక్కడ అల్ట్రా లైట్, లైట్, హెవీ, అల్ట్రా హెవీ అని నాలుగు మెట్లు. బజ్జీల బండి దగ్గర కారం ఎంత వెయ్యమంటారని అడిగినట్టే. నాశనం పెరిగేకొద్దీ ధర పెరుగుతుంది.

అలాంటి గిటార్ ఫొటో ఒకటి ఫోన్‌లో పెద్దది చేసి మా అమ్మకు చూపించాను. వీపు మీద బెల్టు బకిల్ రాసుకుని గుండ్రంగా రంగు పోయింది. ముంజేయి ఆనే అంచు దగ్గర కర్ర బయటపడింది. పూత నిండా ఎండిన చెరువులో మట్టిలా సన్నటి నెర్రెలు.

"ఎవరిదిరా పాపం? వరదల్లో గానీ కొట్టుకుపోయిందా?" అంది.

"కాదమ్మా, కొత్తదే. కావాలనే అలా చేశారు. లక్షల్లో ఉంటుంది."

అమ్మ కళ్లజోడు పైకి నెట్టుకుని మళ్లీ చూసింది. "స్టీలు సామాన్ల కొట్లో సొట్ట గిన్నెకి సగం ధరే తీసుకుంటాడు కదరా" అంది. కాసేపు ఏదో ఆలోచించి, "మన అటక మీద మా అత్తగారి ఇత్తడి గుండిగ ఉంది, దానికి ఆ ల్యాబ్ వాళ్లు ఏమిస్తారో కనుక్కో" అంది. చదువుకోకపోయినా మార్కెట్ అర్థమైపోయింది ఆవిడకి.

పెడల్స్ సంగతి ఇంతకన్నా గంభీరం. పెడల్ అంటే గిటార్ శబ్దాన్ని మార్చడానికి కాలితో నొక్కే డబ్బా, టిఫిన్ బాక్సులో సగం ఉంటుంది. ఈ వంశానికి మూలపురుషుడు ఒక చెడిపోయిన మిషన్. 1961లో వచ్చిన అమెరికా గాయకుడు మార్టీ రాబిన్స్ పాట ఒకటి నాష్‌విల్‌లో రికార్డు చేస్తుంటే, గ్రేడీ మార్టిన్ వాయించే బేస్, అంటే మంద్రస్వరాల గిటార్, వెళ్తున్న మిక్సింగ్ కన్సోల్ ఛానల్ పాడైంది. శబ్దం కాస్తా కందిరీగల తుట్టె కదిలినట్టు బరబరలాడింది. మన దగ్గరైతే కరెంటాయనకి కబురు పెట్టేవాళ్లం. అక్కడి ఇంజినీర్ గ్లెన్ స్నాడీ మాత్రం ఆ లోపాన్ని డబ్బాలో పట్టొచ్చా అని చూశాడు. 1962లో మేస్ట్రో ఫజ్ టోన్ పేరుతో డబ్బా బజారుకొచ్చింది. గిటార్ నుంచి బాకాలు, చెలోలు పలుకుతాయని ప్రచారం చేశారు, జనం పెద్దగా పట్టించుకోలేదు. 1965లో రోలింగ్ స్టోన్స్ బ్యాండ్ 'సాటిస్‌ఫాక్షన్' పాటలో కీత్ రిచర్డ్స్ దాన్ని తొక్కాక దుకాణాల్లో ఒక్కటి మిగల్లేదు. ఓడు మద్దెలను అట్టపెట్టెలో పెట్టి అమ్మడమంటే ఇదే. నా ఎఫ్ కార్డులో వచ్చే టక్కుటక్కు కూడా ఈ కోవలోదే. దానికింకా తగిన ఇంజినీర్ తారసపడలేదు, అంతే.

ఆ తర్వాత 1994లో బిల్ ఫినెగన్ అనే ఆయన క్లాన్ సెంటార్ అనే పెడల్ చేశాడు. లోపల ఏముందో ఎవరికీ తెలియకూడదని సర్క్యూట్ మీద ఎపాక్సీ జిగురు పోసి, దమ్ బిర్యానీ మూత చుట్టూ పిండి పెట్టినట్టు మూసేశాడు. ఒక ఎనిమిది వేల దాకా చేసి ఆపేశాడు. ఇప్పుడు ఒకటి కావాలంటే లక్షల్లో మాట. ఓపికున్నవాళ్లు ఆ ముద్దను గీకి గీకి సర్క్యూట్ బయటికి తీశారు. ఇక ఊరూవాడా నకళ్లే. ఫినెగన్ తర్వాత చేసిన చిన్న పెడల్ మీదైతే, ఈ వెర్రి గోలంతా నేను పుట్టించింది కాదని ఆయనే అచ్చు వేయించుకున్నాడు. 2023లో జేహెచ్ఎస్ అనే పెడల్ కంపెనీ వాళ్లు, కొన్నవాళ్లే ముక్కలు బిగించుకునే కిట్ ఒకటి తెచ్చి, దానికి 'నాటాక్లాన్' అని పేరు పెట్టారు. అంటే, క్లాన్ కాదు అని. ఎన్నికల రోజుల్లో ఫలానా ఆయన పోటీ చెయ్యడం లేదని పనిగట్టుకుని బ్యానర్ కడితే, చేస్తున్నాడనే కదా అర్థం.

నా దగ్గర నాలుగు పెడల్స్ ఉన్నాయి. నాలుగూ ఆన్ చేస్తే మా ఫ్లాట్‌లో ఎర్తింగ్ ఎంత అధ్వానంగా ఉందో నాలుగు రకాల స్వరాల్లో వినిపిస్తుంది. మా ఆవిడ వంటింట్లోంచి, "ఏమండీ, మిక్సీ నేను ఆపేశానే!" అంటుంది. ఆమెకు టోన్ గురించి వివరించడానికి ప్రయత్నించి ఒకసారి భోజనం చల్లారబెట్టుకున్నాను.

బేస్ గిటార్ల గురించి రాయడానికి మనసొప్పడం లేదు. వాటిని వాయించే వర్గం వల్ల దేశ ఆర్థిక వ్యవస్థకు నష్టమే తప్ప లాభం లేదు. 1951 నాటి ప్రెసిషన్, 1960 నాటి జాజ్ బేస్, రెండిట్లో ఏదో ఒకటి కొనుక్కుని జీవితం గడిపేస్తారు. మోటౌన్ అనే అమెరికా కంపెనీ రికార్డుల్లో వాయించిన జేమ్స్ జేమర్సన్ అయితే తెగితే తప్ప తీగ మార్చేవాడే కాదట. ఇలాంటివాళ్లు ఊరికి పదిమంది ఉంటే తీగల కంపెనీలు తాళాలేసుకోవాలి.

నా వాదానికి ఇంతవరకూ ఎదురుచెప్పింది మా మామగారు ఒక్కరే. ఆయనది పాలకొల్లు. పండక్కి వెళ్లినప్పుడు కొత్త పెడల్ గురించి చెప్పడం మొదలుపెట్టానో లేదో అందుకున్నారు.

"ఏమండీ అల్లుడుగారూ, మా ఊరి కుర్రాడు ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించాడు కదండీ. మామూలు మాండలిన్‌కి జంట తీగలు ఎనిమిదుంటే, జంటలు తీసేసి అయిదు తీగలతో కానిచ్చేశాడు. స్టేజీ మీద బాసింపట్టు వేసుక్కూర్చునే మనిషి, మీ డబ్బాలు ఏ కాలితో నొక్కేవాడంటారు?"

"అదేనండీ నా బాధ కూడా" అన్నాను. "అంత చిన్న వయసులో కచేరీలకెక్కేసరికి, ఆయనకి సరైన సలహా ఇచ్చేవాళ్లు లేకపోయారు."

ఆయన ఇంకేమీ అనలేదు. పూతరేకు మడత విప్పుకుంటూ చాలాసేపు నా వేళ్ల వైపే చూశారు.

తిరిగొచ్చాక ఒక నిర్ణయానికొచ్చాను. లక్షల గిటార్ కొనే స్తోమత లేదు, కానీ లక్షల గిటార్‌ను లక్షలది చేసేది గీతలే కదా. తొమ్మిది వేల అయిదు వందలు పెట్టి కొన్న నా గిటార్‌ను బీరువా మీంచి దింపాను. రెండు రాత్రులు బాల్కనీలో కూర్చుని ఇంటి తాళంచెవితో గీకాను. ముంజేయి ఆనే చోట గరుకు కాగితంతో రుద్దాను. చిక్కటి కాఫీ డికాక్షన్‌లో దూది ముంచి నెర్రెల్లోకి అద్దాను. మరలకు ఉప్పునీళ్లు పెట్టాను. తెల్లారి చూస్తే హెవీకి, అల్ట్రా హెవీకి మధ్యలో ఉంది. నా చేతిపనికి నాకే ముచ్చటేసింది. దీన్ని అమ్మేసి, ఆ డబ్బుతో ఈ ఏటి జాబితాలోది ఒకటి తీసుకోవచ్చని లెక్క.

కోఠిలో పాత వాయిద్యాలు కొనే కొట్టు ఒకటుంది. వారం ముందే ఫోన్‌లో పాత ఫొటో పంపితే నాలుగు వేలు ఇస్తానన్నాడు. ఆదివారం తీసుకెళ్లాను. కౌంటర్‌లో ఉన్న కుర్రాడు గిటార్ అందుకుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, గోరుతో కాఫీ మరకను గీకి వాసన చూశాడు.

"కింద పడ్డదా అన్నా?"

"కాదు తమ్ముడూ. ఇది ఏజింగ్."

"అవునన్నా, ఏజ్ అయిపోయింది" అన్నాడు జాలిగా. "గీతలకి పదిహేను వందలు కట్. రెండున్నర వేలిస్తా."

మర్ఫీ ల్యాబ్ గురించి చెప్పాను. నోకాస్టర్ గురించి చెప్పాను. వెనక ఇంకో ఇద్దరు వచ్చి నిలబడ్డారు. కుర్రాడు ఓపిగ్గా అంతా విని, "బ్యాగ్ ఉందా అన్నా?" అన్నాడు.

బ్యాగ్ ఉంది. కొన్నప్పటినుంచీ వాడలేదు, జిప్పు మీద ప్లాస్టిక్ కవర్ కూడా తియ్యలేదు. దాన్ని లైటు కింద పెట్టి, మూలమూలలా నొక్కి చూసి, "బ్యాగ్ మస్తుంది" అన్నాడు. దానికి అయిదు వందలు ఎక్కువిచ్చాడు.